గురువారం, రెండో కిటికీ

మా క్లినిక్‌కి చీటీలిచ్చే కిటికీలు రెండు. మొదటిది లోపల, వరండాలో. రెండోది బయట, మెట్ల పక్కన. ఆ రెండోదాని దగ్గర ఎవరూ నిలబడరు.

చలికాలం పొద్దున్నే, తలుపులు తెరవకముందు, జనం మంచులో కాళ్ళు తాటిస్తూ వరసలో ఉంటారు. ఆ వరస కిటికీ దాకా వచ్చి, అక్కడ నాలుగడుగులు వంకర తిరిగి, మళ్ళీ తిన్నగా పోతుంది. తెలియనివాళ్ళెవరైనా ఆ ఖాళీలోకి వెళ్తే వెనక నుంచి కోటు పట్టుకుని లాగుతారు.

"అటు పోకమ్మా. అది పోయినవాళ్ళ కిటికీ."

అడిగితే ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. గురువారం నాడు, ఇంకా చీకటి ఉండగానే, తెల్లటి శాలువా కప్పుకున్న ముసలామె వచ్చి అద్దం మీద గోటితో కొడుతుందట. "నా కార్డు... నా కార్డు..." అంటుందట. తీసి ఇచ్చారా — ఇచ్చినవాళ్ళ కార్డు ఆ ఏడు తిరక్కుండా చచ్చినవాళ్ళ బీరువాలోకి పోతుందట. బజారులో గుర్రపు జీన్లు అమ్మేవాడు నాతోనే అన్నాడు, ఆమెకు మోకాళ్ళ కింద ఏమీ లేదని, వాడి తోడల్లుడు కళ్ళారా చూశాడని.

నేను ఆ క్లినిక్‌లో పందొమ్మిది చలికాలాలు బాయిలరుకు బొగ్గు వేశాను. ఆమె వచ్చిన మాట నిజం. గోటితో కొట్టిన మాటా నిజం. మూడు గురువారాలు వచ్చింది. సగం నేను చూశాను, సగం బురుల్చా నాకు చెప్పింది.

బురుల్చా చీటీల గదిలో కూర్చునే మనిషి. ఇరవై ఆరేళ్ళుగా అదే కుర్చీ. డాక్టరును చూడాలంటే ముందు ఆమె ముఖం చూడాలి. నువ్వు పేరు చెబితే వెనక అరల్లో ఉన్న వేల అట్టకార్డుల్లోంచి నీది తీస్తుంది. ఏ రోగానికి వచ్చావో అడుగుతుంది. ఏ గదికి పోవాలో చీటీ రాసి ఇస్తుంది. కార్డు దొరకలేదన్న మాట ఆమె నోట నేను వినలేదు. పనిమంతురాలు, కాదనను.

కానీ ఆ గొంతు...

మందపాటి అద్దం, దానికి అరచేయంత కన్నం. మాట సరిగా వినపడదు. అందుకని బురుల్చా గట్టిగా అడిగేది. నువ్వు చెప్పినదాన్ని ఇంకా గట్టిగా తిరిగి చెప్పేది, తప్పు పోకుండా. వరండా మొత్తం వినేది.

"ఏమిటీ? మొలలా? మొలలకి ఏడో గది! బెంచీ మీద కూర్చోగలవా, నిలబడే ఉంటావా?"

వరసలో నవ్వులు. "బురుల్చా అక్క ఉండగా పట్నానికి రేడియో ఎందుకు?" అనేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

నేను చాలాసార్లు చెప్పాను. "ఎవరి రోగం వాళ్ళది. దాన్ని నలుగురి ముందు విప్పి ఆరెయ్యకు."

"రోజుకు నూట ఎనభై మంది, జుమాలీ అన్నా. గుసగుసలు వినడానికి నాకేమైనా ఏనుగు చెవులున్నాయా?" అని నా నోరు మూయించేది. నేను బొగ్గు మోసేవాడిని. నా మాట ఎవరికి కావాలి?

అక్టోబరులో సారి-బెల్ నుంచి కలీపా అవ్వ వచ్చింది. సారి-బెల్ అంటే పైన కనుమ దగ్గర, పశువుల ఊరు. డెబ్బై దాటిన మనిషి, శుభ్రంగా కట్టుకున్న తెల్ల మేక ఉన్ని శాలువా. రెండు గంటలు వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక కన్నం దగ్గరకు వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది.

"వినపడలా, అవ్వా! గట్టిగా!"

అవ్వ వెనక్కి చూసింది. మళ్ళీ వంగింది. పెదాలు కదిలాయి.

అప్పుడు బురుల్చా గొంతు లేచింది. "ఉచ్చ ఆగట్లేదా? రక్తం కూడానా? అది తొమ్మిదో గది, ఆడవాళ్ళ డాక్టరు! ఎన్నాళ్ళ నుంచి?"

వరండాలో తలలన్నీ ఇటు తిరిగాయి.

అవ్వ వెనక ముగ్గురి అవతల ఎవరున్నారో బురుల్చా చూసుకోలేదు. అవ్వ బావగారు, భర్తకు అన్న. ఎనభై ఏళ్ళ పెద్దమనిషి, కీళ్ళ నొప్పులకు వచ్చాడు. మాలో కోడలు బావగారి పేరు కూడా పలకదు. యాభై ఏళ్ళ కాపురంలో ఆయన ముందు ఆమె తలమీద గుడ్డ జారనివ్వలేదు. ఆయన కర్ర మీద వాలి నేల చూశాడు. వెనక ఎవడో తుంటరి, "సారి-బెల్‌కి ఈ ఏడు నీటి కరువు లేదురోయ్" అన్నాడు. నలుగురు నవ్వారు.

అవ్వ శాలువా ముఖం మీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

"అవ్వా, చీటీ! తొమ్మిదో గది చీటీ!" అని బురుల్చా ఇంకా అరుస్తూనే ఉంది.

ఆ రాత్రి తనకు నిద్ర పట్టలేదని తర్వాత చెప్పింది. అవ్వ ముఖం కాదట, ఆ ముసలాయన నేల చూసిన చూపు కళ్ళలో మెదిలిందట. ఈసారి వచ్చినప్పుడు గదిలోకి పిలిచి, టీ పోసి, తప్పైంది అవ్వా అని చెప్పాలనుకుంది. వారం చూసింది. నెల చూసింది. అవ్వ రాలేదు.

నవంబరులో బురుల్చా కనుమ అవతల చెల్లెలింటికి టాక్సీలో బయల్దేరింది. సారి-బెల్ మీదుగా పోతుంటే, రోడ్డు వారన నీలం గేటు ఇల్లు. టీకాలు వేయించడానికి ఒకసారి వెళ్ళింది కనక ఆ ఇల్లు ఆమెకు తెలుసు. కలీపా అవ్వది.

వాకిట్లో ఉన్ని గుడారం లేచి ఉంది.

చలికాలంలో వాకిట్లో గుడారం ఎందుకు వేస్తారో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. లోపల ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తున్నారు. బయట మగవాళ్ళు కర్రల మీద వాలి నిలబడ్డారు.

డ్రైవరు వేరే ఊరివాడు. అయినా బండి నెమ్మది చేశాడు. "అక్కా, ఆగుదామా? దిగి నాలుగు కన్నీటి బొట్లు రాల్చి పోదాం. ఎవరో పాపం."

అటుగా పోయే పరాయివాడు కూడా దిగుతాడు, అది మా పద్ధతి. బురుల్చా సీట్లో ఒదిగిపోయింది.

"పోనియ్యి బాబూ... పోనియ్యి. మంచు పడేలా ఉంది."

ఏ మొహం పెట్టుకుని ఆ గుడారంలోకి పోను, అనుకుందట. నా మాట తగిలే ఆ మనిషి వైద్యం మానుకుంది. రక్తం పోయి పోయి చచ్చిపోయింది... చంపింది నేను, ఏడవడానికి కూడా నేనే పోవాలా?

మర్నాడు పనిలోకి వచ్చి అవ్వ కార్డు తీసింది. మూలనుంచి మూలకు నల్లగీత గీసింది. "మరణించినది" అని రాసి, గుడారం చూసిన తేదీ వేసింది. అడుగున ఇనప బీరువాలో, చచ్చినవాళ్ళ కార్డుల మధ్య పెట్టింది. దానికి కాగితం కావాలి, డాక్టరు సంతకం కావాలి. అవేవీ అడగలేదు. ఆ కార్డు అరలో కళ్ళకు కనపడకుండా ఉంటే చాలు.

ఆ ఇంట్లో పోయింది ఎవరని ఒక్కరిని అడగలేదు. అడిగితే, నీకెందుకు అంత ఆరా అంటారని భయం.

జనవరి వచ్చింది. కరెంటు పొదుపు అని తెల్లారి ఏడు దాకా దీపాలు తీసేసేవాళ్ళు. బురుల్చా ఆరున్నరకే వచ్చి, కొవ్వొత్తి పెట్టుకుని ఆనాటి చీటీలకు ముద్రలు కొట్టుకునేది. బయట సున్నాకు దిగువ ముప్ఫై డిగ్రీల చలి. అద్దం నిండా మంచు పూలు.

అది గురువారం. గురువారం నాడు పోయినవాళ్ళ ప్రాణాలు తెలిసిన గడపల దగ్గరకు వచ్చి చూస్తాయని మా పెద్దలు అంటారు. అందుకే ఆ రోజు ఇళ్ళలో పిండిముద్దలు నూనెలో వేయిస్తాం, ఆ వాసన వాళ్ళకు అందాలని. ముద్ర కొడుతూ బురుల్చా అదేమీ తలచుకోలేదు.

టక్...

రెండో కిటికీ. అంటు జ్వరాల ఏడాది, జ్వరంవాళ్ళు లోపలికి రాకుండా గోడ పగలగొట్టి మెట్ల వైపు పెట్టిన కిటికీ అది. ఆ వేళలో అటు ఎవరూ రారు.

టక్... టక్...

గోటి చప్పుడు.

కొవ్వొత్తి పట్టుకుని దగ్గరకు వెళ్ళింది. అద్దం మీది మంచును అరచేత్తో రుద్దింది. అరచేయంత మేర చీకటి కనపడింది. ఆ చీకట్లోకి మెల్లగా ఒక ముఖం వచ్చింది.

తెల్ల శాలువా. కనుబొమ్మల మీద తెల్లగా మంచు. లోపలికి పోయిన కళ్ళు. ఎముకల మీద చర్మం.

కన్నంలోంచి గాలి లాంటి మాట — "నా కార్డు... నా కార్డు తియ్యి, అమ్మాయీ... మెల్లగా..."

బురుల్చా కొవ్వొత్తి అక్కడే పడేసి పారిపోయింది. చీకటి వరండా అంతా గోడలకు గుద్దుకుంటూ బాయిలరు గదికి వచ్చిపడింది. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"వచ్చింది, అన్నా... కలీపా అవ్వ... కార్డు తియ్యమంటోంది. చచ్చిపోయిన మనిషి..."

"రాత్రి ఏం తాగావు?" అన్నాను.

"నేనెప్పుడైనా తాగానా? వచ్చిందంటుంటే!"

పార తీసుకుని బయటికి వెళ్ళాను. మెట్లు చూశాను. తిరిగొచ్చాను.

"ఎవరూ లేరు," అన్నాను.

ఆ మాట విని ఆమె ఇంకా వణికింది. అప్పుడే, బొగ్గుకుప్ప పక్కన పీట మీద కూర్చుని, వరండా సంగతి, గుడారం సంగతి, బీరువాలో కార్డు సంగతి అన్నీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది. "ఆమె నా మీద మనసు కష్టపెట్టుకుని పోయింది, అన్నా. క్షమించానన్న మాట అడక్కుండానే పోనిచ్చాను. ఇప్పుడు నన్ను వదలదు. నన్ను క్షమిస్తే చాలు, ఇంకేమీ వద్దు."

నేను ఓదార్చలేదు. "నోటితో చేసిన పాపం ఊరికే పోదు," అన్నాను. "బుద్ధి తెచ్చుకో."

ఆ రోజు నుంచి బురుల్చా గొంతు పడిపోయింది. కన్నం దగ్గరకు చెవి పెట్టి వినడం మొదలుపెట్టింది. చీటీ మీద గది నంబరు రాసి వేలితో చూపేది తప్ప రోగం పేరు పైకి అనేది కాదు. జనానికి ఆశ్చర్యం. "రేడియో పాడైందా అక్కా?" అని ఒకడు అడిగితే తల వంచుకుంది. నాకు తృప్తిగా ఉంది. ఇన్నేళ్ళుగా నేను చెప్పి చేయలేనిది ఒక్క పొద్దు చేసింది.

రెండో గురువారం. బురుల్చా ఇంటినుంచి పిండి, నూనె తెచ్చి బాయిలరు పలక మీద ముద్దలు వేయించింది. నాకు తెలిసిన నాలుగు ప్రార్థన వాక్యాలు చదివాను. బురుల్చా ఆ ముద్దలు ఒక పళ్ళెంలో పెట్టి, రెండో కిటికీ బయట గట్టు మీద ఉంచి, లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టుకుంది. కొవ్వొత్తి వెలిగించలేదు.

ఇద్దరం చీకట్లో కూర్చున్నాం. గోడ గడియారం తప్ప చప్పుడు లేదు.

టక్... టక్...

బురుల్చా నా చెయ్యి పట్టుకుంది. మంచుగడ్డలా ఉంది ఆ చెయ్యి.

"అమ్మాయీ... ఉన్నావా..."

మేం ఊపిరి బిగబట్టాం.

"ఉన్నావని తెలుసు... నేనే... కలీపాను..."

పేరు చెప్పింది! బురుల్చా రెండు చేతులతో నోరు మూసుకుంది. చాలాసేపటికి బయట మంచు కరకరలాడింది. తర్వాత ఏమీ లేదు.

తెల్లారాక చూస్తే గట్టు మీద పళ్ళెం ఖాళీ. ఒక్క ముద్ద లేదు.

ఆ మధ్యాహ్నానికి సంగతి పట్నమంతా పాకింది. చెప్పింది బురుల్చా కాదు. మందుల గదిలో పనిచేసే పిల్ల పళ్ళెం ఎందుకని అడిగింది, నేనే చెప్పాను. నలుగురికీ తెలిస్తే నలుగురూ నోరు అదుపులో పెట్టుకుంటారు అనుకున్నాను.

మూడో గురువారం నాటికి బురుల్చా సగమైంది. తిండి లేదు. "ఈ వేళ తలుపు మూయను, అన్నా. ఎదురుగా నిలబడి అడిగేస్తాను. క్షమిస్తే క్షమిస్తుంది, తీసుకుపోతే తీసుకుపోతుంది. నువ్వు మాత్రం ధూపం వెయ్యి."

కొండ దేవదారు కొమ్మలు ఎండినవి నా దగ్గర ఉన్నాయి. వాటి పొగ ఉన్నచోట దుష్టశక్తి నిలవదంటారు. పారలో నిప్పులు తీసుకుని కొమ్మలు వేశాను. తెల్లగా దట్టంగా లేచింది.

టక్...

బురుల్చా కిటికీ రెక్క తెరిచింది. నేను పక్కన నిలబడి పార ముందుకు చాపాను. చలిగాలి ఒక్కసారి లోపలికి కొట్టింది, పొగ ఒక్కసారి బయటికి పోయింది. పొగలో శాలువా అంచు మాత్రం కదులుతోంది.

బురుల్చా మోకాళ్ళ మీద పడింది.

"అవ్వా... నేను పాపిష్టిదాన్ని. మీ బావగారి ముందు నీ పరువు తీశాను. నువ్వు పోయావని తెలిసి కూడా నీ వాకిట్లో దిగలేదు. దిగడానికి మొహం చెల్లలేదు... నా మీద మనసులో ఏమీ పెట్టుకోకు. క్షమించానని ఒక్క మాట అని, నీ దారిన నువ్వు పో, అవ్వా..."



పొగ సుడులు తిరుగుతోంది.

అప్పుడు — దగ్గు.

పొడి దగ్గు. ఆగకుండా వచ్చే ముసలి దగ్గు. దగ్గి, దగ్గి, ఉమ్మి, ముక్కు చీది...

"అమ్మాయీ... ఆ పొగ అవతల పెట్టించమ్మా... కళ్ళు పోతున్నాయి."

బురుల్చా గట్టు పట్టుకుని లేచింది. చెయ్యి చాపింది. పొగలోకి వెళ్ళిన ఆ చెయ్యి ఒక ముసలి చెంపను తాకింది. చల్లగా ఉంది, తడిగా ఉంది. చెంప కింద దవడ కదులుతోంది.

"నువ్వు... బతికే ఉన్నావా, అవ్వా?"

"ఉన్నా. ఇంకో గంట ఇక్కడే నిలబెడితే మాత్రం చెప్పలేను."

నా చేతిలో పార వంగిపోయింది. నిప్పులు నేలమీద పడ్డాయి. తొక్కి ఆర్పుతూ ఉన్నాను కానీ తలెత్తలేదు.

బురుల్చా పరుగున వెళ్ళి తలుపు తీసి, అవ్వను లోపలికి తెచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది. శాలువా మీద మంచు దులిపింది. చేతులు రుద్దింది. అవ్వ ఇంకా గుసగుసగానే మాట్లాడుతోంది.

"మొదటివారం నన్ను చూసి దీపం పడేసి పోయావు. చీటీ వదిలేసి పోయానని ఇంకా కోపంగా ఉన్నావేమో అనుకున్నా. పోయిన వారం పలకనే లేదు. గట్టు మీద ఎవరికో రొట్టెముద్దలు పెట్టావు. పరాయివాళ్ళవి ముట్టడమెందుకని ఊరుకున్నా, నేను చూస్తుండగానే కుక్క ఎత్తుకుపోయింది. వెళ్ళగొడదామంటే నాకే కాళ్ళు ఆడటం లేదు."

"ఈ చీకట్లో ఎందుకు అవ్వా? ఎనిమిదికి తెరుస్తాం కదా. అప్పుడు రావచ్చుగా."

అవ్వ చుట్టూ చూసింది. నన్ను చూసి శాలువా సర్దుకుంది. నేను గుమ్మం అవతలికి జరిగాను. అయినా వినపడింది.

"ఎనిమిదికి జనం ఉంటారుగా, తల్లీ. పాలబండి గురువారం ఒక్కరోజే కిందికి వస్తుంది, ఆరింటికల్లా దింపుతుంది. ఇప్పుడైతే... నువ్వెంత గట్టిగా చెప్పినా వినేవాళ్ళుండరు కదా."

బురుల్చా కుర్చీ పక్కకు జరిగింది. వంగి, అవ్వ నోటి దగ్గర చెవి పెట్టింది. అవ్వ చెప్పింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. బురుల్చా తలాడిస్తూ ఉంది.

తర్వాత కార్డు కావాలి కదా. కార్డు లేనిదే డాక్టరు చూడదు. బురుల్చా ఇనప బీరువా తెరిచింది. అడుగునుంచి తీసింది. దాచుదామా అన్నట్టు గుండెకు ఆనించుకుని నిలబడింది. అవ్వ చెయ్యి చాపింది.

అవ్వకు చదువు తెలుసు. కొవ్వొత్తి దగ్గరగా పెట్టుకుని, నల్లగీతను వేలితో తడిమి చూసింది. కింద ఉన్న అక్షరాలు కూడబలుక్కుంది. తేదీ దగ్గర వేలు ఆగిపోయింది.

"నవంబరు పద్నాలుగు... ఇది మా మిర్లాన్‌ది."

కార్డును కొవ్వొత్తికి ఇంకా దగ్గరగా జరిపింది.

"మా చిన్నవాడు. మంచు పెళ్ళల కింద పడిపోయాడు, ఇరవై గొర్రెలతో సహా. ఆ రోజే గుడారం వేశాం. వాడి తేదీ నా కార్డు మీదికి ఎలా వచ్చింది? ఎవరు రాశారు?"

"నేనే, అవ్వా."

అవ్వ తలెత్తి చూసింది. ఆ ముఖంలో కోపం లేదు. అంతకంటే కష్టమైనది ఉంది — ఆదరం.

"అయితే నువ్వు వచ్చావా ఆ రోజు? చూడు, నాకు తెలియనే లేదు. గుడారంలో గోడ వైపు తిరిగి ఏడుస్తూ ఉన్నా, ఎవరు వచ్చిందీ ఎవరు పోయిందీ గుర్తు లేదు. ఇంత దూరం వచ్చినదానికి ఒక గిన్నెడు టీ అయినా ఇచ్చారా మావాళ్ళు?"

ఇప్పుడు బురుల్చా అవునంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. ఆ ముసలిమనసు కూడా కాస్త కుదుటపడేది.

"రాలేదు, అవ్వా," అంది. "ముందునుంచే పోయాను. బండి ఆపుతానన్నాడు. నేనే వద్దన్నాను."

ఇన్నేళ్ళలో ఆమె అంత మెల్లగా మాట్లాడటం నేను వినలేదు. అంత మెల్లగా అన్నా, ప్రతి అక్షరం వినపడింది.

అవ్వ కార్డు ఒళ్ళో పెట్టుకుంది. క్షమించానని అనలేదు. క్షమించననీ అనలేదు. "తొమ్మిదో గది అన్నావు కదా ఆనాడు," అంది చివరికి. "ఎప్పుడు తెరుస్తారు?"

తొమ్మిదో గది డాక్టరమ్మ ఆమెను చూసి, ఆ సాయంత్రమే అంబులెన్సులో రాజధానికి, బిష్కెక్ పెద్దాసుపత్రికి పంపింది. బురుల్చా వెంట వెళ్ళింది. లోపలి గడ్డ పెద్దదైందని అక్కడ చెప్పారు. మార్చిలో సారి-బెల్ వాకిట్లో మళ్ళీ గుడారం లేచింది. ఈసారి బురుల్చా దిగింది. గేటు దగ్గరనుంచే రాగం తీసి ఏడుస్తూ వెళ్ళింది, గుడారంలో మూడు రోజులు ఉంది. అవ్వ పోయేముందు ఆమెతో ఏమన్నదో నాకు చెప్పలేదు. తర్వాత ఆ ఉద్యోగం మానేసింది.

జనానికి ఇదంతా తెలుసు. తెలిసినా ఆ కిటికీ దగ్గర నిలబడరు. బతికున్న అవ్వ కథ కంటే కాళ్ళు లేని అవ్వ కథే వాళ్ళకు నచ్చింది. తప్పు వాళ్ళది కాదు. ఆ కథ పట్నంలోకి వదిలింది నేను.

ఇంకొకటి ఉంది. దీన్ని బురుల్చాకు కూడా చెప్పలేదు.

మొదటి గురువారం పార తీసుకుని బయటికి వెళ్ళి, తిరిగొచ్చి, ఎవరూ లేరన్నాను. అది అబద్ధం కాదు. మెట్ల మీద ఎవరూ లేరు. కానీ అడుగులు ఉన్నాయి. ఆ తెల్లవారుజామున కొత్త మంచు పడింది. దాని మీద చిన్న ఉన్ని బూట్ల అడుగులు రోడ్డు నుంచి మెట్ల దాకా వచ్చాయి. కిటికీ కింద మంచు నలిగిపోయి ఉంది, చాలాసేపు ఎవరో కాళ్ళు మార్చుకుంటూ నిలబడినట్టు. మళ్ళీ రోడ్డు వైపు వెళ్ళాయి.

దెయ్యాలకు బూట్లుండవు. బతికున్న మనిషెవరో వచ్చి, చలిలో నిలబడి, వెనక్కి పోయారని నాకు ఆ క్షణమే తెలుసు. బురుల్చా తన భయంలో కలీపా అవ్వను చూసింది, ఇది ఇంకెవరో ముసలామె అనుకున్నాను. ఆగి ఎనిమిదికి రాకూడదా, అనుకున్నాను. తలుపు పక్కన చీపురు ఉంది. బురుల్చా బయటికి వచ్చి చూస్తుందేమోనని ఆ అడుగులు ఊడ్చేశాను. రెండో గురువారం మళ్ళీ ఊడ్చాను. మూడోసారి ఆ పొగ, మనిషి కళ్ళలోకే పోతుందని తెలిసే పట్టాను.

భయం ఆమెను బాగుచేస్తోంది కదా, పాడుచేయడమెందుకు అనుకున్నాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

మొదటి రోజు ఆ అడుగుల వెంట ముప్ఫై అంగలు నడిస్తే పాలబండి కనపడేది. అందులో కూర్చుని చేతులు ఊదుకుంటున్న మనిషి కనపడేది. రెండు వారాలు. ఆ రెండు వారాలు ముందు పంపితే ఏమయ్యేదో తొమ్మిదో గది డాక్టరమ్మకు తెలిసి ఉంటుంది. నేను మానేసేదాకా, ఇంకో నాలుగు చలికాలాలు, రోజూ ఆమె గుమ్మం ముందునుంచే బొగ్గు మోశాను. తలుపు తీసే ఉండేది. ఎదురుపడితే ఆమే పలకరించేది కూడా — "ఏం జుమాలీ అన్నా, ఒంట్లో బాగుందా?"

బాగుందమ్మా, అనేవాడిని. బకెట్టు పట్టుకుని ముందుకు పోయేవాడిని.